ఇంకిన నీరు ఎవరిది? వాటర్‌షెడ్ వ్యయం – సామాజిక ఫలితాలు

ప్రభుత్వ ధనంతో చేపట్టే పర్యావరణ పరిరక్షణ కార్యక్రమాలను మనం సాధారణంగా రెండు కొలతలతో తూచుతాము. ఎన్ని హెక్టార్లలో పని జరిగింది, ఎంత ధనం ఖర్చయింది అన్నవే ఆ రెండు. ఆ పని వలన ఊరిలో ఎవరి జీవనం మెరుగుపడింది, ఎవరిది దిగజారింది అన్న మూడవ కొలత నివేదికలలో అరుదుగా కనిపిస్తుంది. కనిపించినా "లబ్ధిదారుల సంఖ్య" అనే ఒక్క అంకెలో ఇమిడిపోతుంది. భూమిని, నీటిని, చెట్టును కాపాడితే అందరికీ మేలేనన్న నమ్మకం ఇందుకు కారణం. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి మన మెట్ట ప్రాంతాలలో దీర్ఘకాలంగా నడుస్తున్న వాటర్‌షెడ్ పథకం కంటే మంచి ఉదాహరణ లేదు.

దేశంలో కరవు పీడిత ప్రాంతాల అభివృద్ధి పథకం 1973–74లో మొదలైంది. ఇరవై ఏళ్ళ తరువాత, 1994లో, ప్రసిద్ధ ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఆ పథకాల తీరును సమీక్షించి, పనులను సూక్ష్మ పరీవాహక ప్రాంతం ప్రాతిపదికగా, ప్రజల భాగస్వామ్యంతో చేపట్టాలని సూచించింది. 1995 ఏప్రిల్ 1 నుంచి అమలైన మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా తీసుకున్నాయి. హెక్టారుకు 4,000 రూపాయలుగా మొదలైన వ్యయం 2001లో 6,000కు, 2008 ఉమ్మడి మార్గదర్శకాలతో మైదాన ప్రాంతాలలో 12,000కు, 2021లో ప్రారంభమైన దశలో 22,000కు పెరిగింది. పథకం పేరు పలుమార్లు మారింది గాని చేసే పని పెద్దగా మారలేదు. వాలుకు అడ్డంగా కట్టలు, కందకాలు, వంకలకు అడ్డంగా రాతి కట్టడాలు, చెక్‌డ్యాములు, ఊటకుంటలు, గుట్టల మీద మొక్కలు.

ఈ పనులు నిరర్థకమని ఎవరూ అనలేరు. లోతు తక్కువ ఎర్ర నేలల్లో ఒక్క గట్టి వాన ఎంత పైమట్టిని కొట్టుకుపోతుందో మెట్ట రైతుకు మనం చెప్పనక్కరలేదు. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999లో ఇక్రిశాట్ చేపట్టిన ఆదర్శ వాటర్‌షెడ్‌లో భూగర్భ జల మట్టం పెరగడం, పంటల సరళి మారడం శాస్త్రజ్ఞులు కొలిచి చూపిన విషయాలు. నా ప్రశ్న పని గురించి కాదు. పని ఫలించిన తరువాత ఆ ఫలం ఎవరి వాకిట చేరుతున్నదన్నదే నా ప్రశ్న.

చెక్‌డ్యాము ప్రభుత్వ సొమ్ముతో, చాలాచోట్ల ప్రభుత్వ భూమిలోని వాగు మీద కట్టబడుతుంది. నీరు భూమి పైన నిలిచినంతసేపు అది ఊరందరిది. భూమిలోకి ఇంకిన మరుక్షణం దాని యాజమాన్యం మారిపోతుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం నుంచి వస్తున్న అవగాహన ప్రకారం, నిర్దిష్టమైన పాయగా ప్రవహించని భూగర్భ జలాన్ని తోడుకునే హక్కు ఆ పైనున్న భూమి యజమానిదే. అంటే ప్రజాధనం ఒక వంక నుంచి భూమిలోకి దిగి, మరో వైపు ప్రైవేటు బోరు గొట్టం నుంచి పైకి వస్తున్నది. మధ్యలో హక్కు గురించి ఎవరూ అడగరు, ఎక్కడా రాసుకోరు. పైగా ఇంకిన నీరు సమానంగా పరచుకోదు. ఊటకుంటకు, చెక్‌డ్యాముకు దిగువనున్న పల్లపు పొలాల బావులలో, బోర్లలో అది ముందుగా తేలుతుంది. నీరు పల్లమెరుగుననే సామెతకు ఇక్కడ ఒక ఆర్థికార్థం కూడా ఉంది. పల్లపు భూములు ఊరిలో నిలదొక్కుకున్న కుటుంబాల చేతుల్లో ఉండటం, గుట్ట అంచున రాళ్ళతో నిండిన మెరక నేలలు పేదలకు అసైన్డు భూములుగా దక్కడం మన గ్రామాలలో తరచుగా చూసేదే. శిఖరం నుంచి లోయకు పనులు సాగాలన్న సాంకేతిక సూత్రం సరైనదే. ఆ సూత్రం ప్రకారం కందకాలకు తన చెలకలో చోటిచ్చేది మెరక రైతు, నీరు పొందేది పల్లపు రైతు.

ఈ మాటను కొంత లెక్కతో చూడటం మంచిది. అనంతపురం సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే ఒక హెక్టారు మీద ఏడాదిలో పడే వాన 5,500 ఘనపు మీటర్లు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి, అనగా హెక్టారుకు 12,000 ఘనపు మీటర్లు. ఒక హెక్టారు వరి తన మీద పడిన వానకు రెట్టింపు కంటే ఎక్కువ నీరు కోరుతుంది. ఇప్పుడు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌లో చేసిన పనుల వలన వర్షపాతంలో అదనంగా 2 శాతం ఇంకిందని ఊహించుకుందాం. హెక్టారుకు 110 ఘనపు మీటర్లు, మొత్తం 55,000 ఘనపు మీటర్లు. ఇది నాలుగున్నర హెక్టార్ల వరికి, అంటే పదకొండు ఎకరాల చిల్లరకు చాలుతుంది. మడిలో నిలిచిన నీటిలో కొంత తిరిగి ఇంకుతుందన్నది నిజమే. సగం తిరిగి వచ్చిందనుకున్నా ఇరవైమూడు ఎకరాలకు మించదు. హెక్టారుకు 22,000 చొప్పున ఆ 500 హెక్టార్ల మీద పెట్టిన ప్రజాధనం 1 కోటి 10 లక్షల రూపాయలు. ముగ్గురు నలుగురు రైతులు రబీలో వరి నాటితే ఆ కోటి రూపాయల నీరు అక్కడితో సరి. అదే 55,000 ఘనపు మీటర్లను వేరుశనగ బెట్టకు గురైన వేళ స్ప్రింక్లర్లతో 20 మిల్లీమీటర్ల చొప్పున ఒక్క తడిగా ఇస్తే, మార్గమధ్య నష్టాలు పక్కనబెడితే, 275 హెక్టార్లకు సరిపోతుంది. ఊడలు దిగి కాయ ఊరే దశలో ఆ ఒక్క తడి పంటను నిలబెడుతుందో లేదో ఈ పత్రిక పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. నీరు అదే, ఖర్చు అదే. ఒక పద్ధతిలో నాలుగు కుటుంబాలకు ధాన్యం, మరొక పద్ధతిలో సగం ఊరికి పంట భద్రత. ఈ రెండింటిలో ఏది జరగాలో మార్గదర్శకాలు నిర్ణయించవు, బోరు నిర్ణయిస్తుంది.

ఆ బోరుకు విద్యుత్తు కూడా ప్రజాధనమే. 2004 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోను, తరువాత రెండు రాష్ట్రాలలోను సేద్యానికి ఉచిత విద్యుత్తు అందుతున్నది. మెట్ట రైతుకు అది ఎంత ఊరటో తెలియనిది కాదు. కాని ఖజానా ఒక చేత్తో నీటిని భూమిలోకి దించుతూ మరో చేత్తో అదే నీటిని పైకి లాగించడం, ఆ రెండు ఖర్చులను రెండు వేర్వేరు శాఖలు తమ తమ విజయాలుగా చూపుకోవడం పరిపాలనలోని విచిత్రం. ఒక శాఖ కట్టిన చెక్‌డ్యాముల సంఖ్యను, మరొక శాఖ ఇచ్చిన కనెక్షన్ల సంఖ్యను ఒకే గ్రామ పటం మీద పక్కపక్కన గుర్తించి చూసేవారు లేరు.

ఇంత చెప్పి బోరున్న రైతును దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. రాయలసీమలోను, దక్షిణ తెలంగాణలోను బోరు వేయడమంటే అప్పు చేసి పాచిక వేయడమే. మొదటిది పడకపోతే రెండవది, రెండవదీ పడకపోతే మూడవది. చివరకు నీరు తగిలిన బోరు వెనుక విఫలమైన బోర్ల వడ్డీ ఉంటుంది. ఆ వడ్డీ తీరాలంటే ఎక్కువ రాబడినిచ్చే తడి పంట వేయాలి. వాటర్‌షెడ్ వచ్చి నీటి మట్టం కొద్దిగా పెరగగానే, అంతవరకు ధైర్యం చేయని మరి కొందరు బోర్లు వేస్తారు. నాలుగేళ్ళలో పెరిగిన మట్టాన్ని ఎక్కువైన బోర్లు పంచుకుని, అందరి బోర్లూ తగ్గిపోతాయి. లోతైన బోరు వేయగల స్తోమత ఉన్నవాడు మిగులుతాడు. లోతు తక్కువ బావి ఉన్న చిన్నరైతు పరిరక్షణ పథకం పూర్తయ్యాక మునుపటి కంటే ఎక్కువ అప్పులో పడే అవకాశం కూడా ఉంది. కౌలు రైతు సంగతి మరొక తీరు. పొలానికి నీటి వసతి పెరిగితే ఆ మేరకు కౌలు పెరుగుతుంది, లేదా యజమాని తానే సాగుకు దిగుతాడు.

భూమి లేనివారిలో మొదట ప్రస్తావించవలసినది గొర్రెల కాపరులను. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండవది. ఈ మందలు సొంత భూమి మీద పెరిగినవి కావు. గుట్టలు, బంజర్లు, వాగు ఒడ్లు, చెరువు శిఖం, కోత కోసిన పొలాలు వాటి ఆధారం. వాటర్‌షెడ్ పనులలో గుట్ట మీద మొక్కలు నాటిన నాటి నుంచి కొన్నేళ్ళు ఆ ప్రాంతాన్ని మేపుకు మూసివేస్తారు. దీనికి మనం పెట్టుకున్న అందమైన పేరు "సామాజిక కంచె". ముళ్ళకంచె ఖర్చు లేకుండా ఊరివారే కట్టుబడి ఉండటమని దాని అర్థం. ఆ కట్టుబాటు భారం మాత్రం ఊరందరిదీ కాదు. గుట్ట మూసివేస్తే బోరు రైతుకు ఒక్కరోజు పని కూడా ఆగదు. కాపరి ఆ సాయంత్రమే మందను ఎటు తోలాలో ఆలోచించుకోవాలి. మూడేళ్ళ తరువాత గడ్డి బాగా పెరుగుతుందని చెప్పడం సాంకేతికంగా నిజమే అయినా, మూడేళ్ళు మంద ఆకలితో ఉండదు. కాపరి సగం మందను అమ్ముకుంటాడు, లేదా వలస పోతాడు. పొయ్యికి పుల్లలు ఏరుకునే స్త్రీలకు కూడా నడక దూరం పెరుగుతుంది. ఇక్కడ మరో వైపరీత్యం చూడండి. తెలంగాణలో 2015లో హరితహారం, 2017లో 75 శాతం సబ్సిడీతో గొర్రెల పంపిణీ మొదలయ్యాయి. ఒక పథకం ఇరవై ఆడ గొర్రెలను, ఒక పొట్టేలును ఇంటికి తెచ్చిపెట్టింది. మరొకటి గ్రామ ఉమ్మడి నేలలలో మొక్కలు నాటి కాపు పెట్టింది. ఆ గొర్రెలు ఎక్కడ మేయాలన్నది రెండింటిలో ఏ పథకం పరిధిలోకీ రాలేదు.

ఎగువ దిగువల తగవు ఒకే ఊరితో ముగియదు. ఎగువ గ్రామంలో ప్రతి వంకనూ కట్టడి చేస్తే దిగువ చెరువుకు వచ్చే నీరు తగ్గుతుంది. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం, కర్నూలు జిల్లా డోన్ మండలాలలో జరిగిన నీటి ఆడిట్ ఆధారంగా ఛార్లెస్ బాచ్‌లర్, ఎం.ఎస్. రామమోహనరావు, ఎస్. మనోహరరావు 2003లో ప్రచురించిన వ్యాసం ఈ విషయాన్నే మన ముందు పెట్టింది. వాటర్‌షెడ్ అభివృద్ధి నీటి కొరతకు పరిష్కారమా, లేక సమస్యలో భాగమా అని ఆ వ్యాసం సూటిగా అడిగింది. ఎగువన నీటిని పట్టి ఉంచడం వలన దిగువ చెరువుల రాక తగ్గడం, ఆ ఎగువ నీరు తిరిగి బోర్ల పాలవడం అందులోని ముఖ్యాంశాలు. చెరువు ఎండితే ఆయకట్టు రైతు ఒక్కడే నష్టపోడు. అందులో చేపలు పట్టేవారు, బట్టలుతికే రజకులు, పశువులను నీటికి తోలేవారు, శిఖం భూమిలో పుచ్చ, దోస పెట్టుకునేవారు అందరికీ అది ఆధారం. చెరువు నీటికి బహుముఖ హక్కులుండేవి. బోరు నీటికి హక్కుదారు ఒక్కడే. పరిరక్షణ పేరుతో మనం తెలియకుండానే మొదటి రకం నీటిని రెండవ రకం నీటిగా మారుస్తున్నాము. నా దృష్టిలో ఈ పథకాల అతి పెద్ద సామాజిక ఫలితం ఇదే. దీనిని ఎవరూ ఉద్దేశపూర్వకంగా చేయలేదు గనుకనే దీని గురించి చర్చ కూడా జరగలేదు.

పథకంలో భూమిలేనివారికి చోటు లేదనడం సరికాదు. 2008 మార్గదర్శకాలు వాటర్‌షెడ్ కమిటీలో సగం మంది సభ్యులు స్వయం సహాయక సంఘాలు, వినియోగదారుల సంఘాలు, షెడ్యూల్డు కులాలు, తెగలు, స్త్రీలు, భూమిలేనివారి ప్రతినిధులుగా ఉండాలన్నాయి. ఆస్తి లేనివారి జీవనోపాధికి నిధులలో 10 శాతం కేటాయించి, తరువాత దానిని 9 శాతానికి తగ్గించాయి. నీటి, నేల పనుల వాటా మాత్రం 50 నుంచి 56 శాతానికి పెరిగింది. సొంత పొలంలో పని జరిగితే రైతు చెల్లించవలసిన వంతు 10 శాతం, చిన్న సన్నకారు రైతులకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 5 శాతం. అంటే ఒకరి ప్రైవేటు ఆస్తి విలువను పెంచే పనికి తొంభై పాళ్ళు ప్రజాధనం, ఆస్తి లేనివారందరికీ కలిపి తొమ్మిది పాళ్ళు. ఆ తొమ్మిదిలో వచ్చే గేదె అప్పుకైనా మేత కావాలి, మేత గుట్ట మీద ఉంది, గుట్ట మూసి ఉంది. మిగిలింది మట్టిపని కూలి. అది విలువైనదే గాని పని ఉన్నన్నాళ్ళదే. కట్ట నిలిచి ఉన్నంతకాలం ఫలం అందేది మాత్రం మరొకరికి.

నీటిని భూమి నుంచి విడదీసి చూడటం సాధ్యమేనా అనే సందేహం కలుగవచ్చు. సాధ్యమని ఈ దేశంలోనే యాభై ఏళ్ళ కిందట నిరూపించారు. చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు పూడికతో నిండిపోతుంటే, కారణం ఎగువనున్న శివాలిక్ కొండల మీది మట్టి కోతని పరిశోధకులు గుర్తించారు. కొండల అంచున హర్యానాలోని సుఖోమాజ్రి గ్రామం, దాని మేకలు. నేల, నీటి సంరక్షణ పరిశోధన సంస్థకు చెందిన పి.ఆర్. మిశ్రా బృందం అక్కడ చిన్న మట్టికట్టలు కట్టించింది. పొలాలున్నవారికి నీరొచ్చింది. మరి మేము మేపు ఎందుకు మానుకోవాలని పొలాలు లేనివారు అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానంగానే, భూమి ఉన్నా లేకపోయినా ప్రతి కుటుంబానికీ కట్ట నీటిలో సమాన వాటా ఏర్పడింది. భూమిలేని కుటుంబం తన వాటాను ఇతరులకు ఇచ్చి ప్రతిఫలం పొందవచ్చు. అప్పుడు గాని కొండకు నిజమైన సామాజిక కంచె పడలేదు. మహారాష్ట్రలోని పురందర్ తాలూకా నాయ్‌గావ్‌లో విలాసరావ్ సాలుంఖే 1972 కరవు తరువాత నడిపిన పానీ పంచాయత్ మరింత ముందుకు వెళ్ళింది. నీటి వాటా భూమిని బట్టి కాక కుటుంబంలోని మనుషుల సంఖ్యను బట్టి తలకు అర ఎకరం చొప్పున, కుటుంబానికి రెండున్నర ఎకరాలకు మించకుండా నిర్ణయించారు. భూమిలేనివారికీ వాటా ఉంది. భూమి అమ్మితే నీటి హక్కు దానితో పోదు. చెరకు వేయకూడదు. ఇవి కఠినమైన నియమాలు. బలమైన నాయకత్వం ఉన్నచోటనే నిలిచాయి, అంతటా వ్యాపించలేదు. అయినా చెరకు రాష్ట్రంలో చెరకు వద్దని ఒక ఊరు తీర్మానించుకోగలిగింది.

మన ప్రాంతానికి వస్తే, ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాలలో నడిచిన రైతుల భూగర్భ జల నిర్వహణ పథకంలో రైతులే వాన కొలిచి, బావి మట్టం కొలిచి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్టు వేసుకున్నారు. అనంతపురం జిల్లాలో కొన్ని గ్రామాలలో స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో బోరున్నవారు, లేనివారు కలిసి పైపులు వేసుకుని, కొత్త బోరు వేయమని ఒప్పుకుని, ఉన్న నీటిని అందరి వేరుశనగకు తడిగా పంచుకున్నారు. కొత్త బోరు వేయనందుకు బోరు లేని రైతుకు దక్కినది ఒక తడి, బోరున్న రైతుకు దక్కినది పక్క పొలంలో పోటీ బోరు పడదన్న భరోసా. ఇది దానం కాదు, బేరం. అందుకే పనిచేసింది. 2002 నాటి వాల్టా చట్టం కూడా కొత్త బోర్లకు అనుమతి, తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు నిషేధం వంటి నిబంధనలు పెట్టింది. ఆ చట్టం రాత్రివేళ వచ్చిపోయే బోరు లారీని ఎన్నిసార్లు ఆపగలిగిందో పల్లెవాసులందరికీ తెలుసు.

కనుక నా సూచన ఇది. వాటర్‌షెడ్ పనులకు నిధుల మొదటి విడత విడుదల కాకముందే గ్రామసభలో ఒక నీటి ఒప్పందం కుదరాలి. పథకం వలన అదనంగా ఇంకే నీటిలో బోరు లేనివారికి, భూమిలేనివారికి వాటా ఎంత, అది ఏ రూపంలో అందుతుంది, పథకం పరిధిలో కొత్త బోర్లకు హద్దు ఏమిటి, రబీలో వరి ఎన్ని ఎకరాలకు మించరాదు అన్నవి అందులో ఉండాలి. గుట్టను మూసివేసే ప్రతి ఏడాదికీ కాపరులకు మేత గాని, దాని ఖరీదు గాని పథకం అంచనాలోనే ఒక పద్దుగా చేరాలి. దీనిని నష్టపరిహారమని కాక పరిరక్షణ ఖర్చులో భాగమని పిలవాలి. మొక్కకు నీరు పోసిన కూలికి డబ్బు ఇస్తున్నప్పుడు, మొక్కను మేయనీయకుండా మందను తిప్పుకున్నవానికి ఎందుకు ఇవ్వకూడదు?

ఇటువంటి షరతులు పెడితే భూమి ఉన్న రైతులు సహకరించరని, పనులే ఆగిపోతాయని అధికారులు అంటారు. కొన్ని ఊళ్ళలో అలా జరగవచ్చు. జరగనివ్వాలి. నిధులు పరిమితం, వేచి ఉన్న ఊళ్ళు అనేకం. ఒప్పందానికి సిద్ధపడిన ఊరికి ముందుగా నిధులు వెళ్ళడంలో అన్యాయమేమీ లేదు. భూగర్భ జలం భూమి యజమానిదన్న చట్టం ఉండగా గ్రామ ఒప్పందానికి విలువేమిటన్న ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. చట్టం మారేవరకు ఆ ఒప్పందానికి కోర్టులో బలం తక్కువే. ఊరి మాటగా, నిధుల షరతుగా మాత్రమే నిలుస్తుంది. అయితే కంచె లేకుండా గుట్టను కాపాడమని కాపరిని అడిగినప్పుడు మనం నమ్ముకున్నదీ ఊరి మాటనే కదా. కాపరి విషయంలో చాలునన్న కట్టుబాటు బోరు విషయంలో చాలదనడం ఎలా?

మన విశ్వవిద్యాలయాల పాత్ర ఇక్కడే ఉంది. వాటర్‌షెడ్ మదింపులు చాలామటుకు మన వ్యవసాయ ఆర్థిక శాస్త్ర, విస్తరణ విభాగాల చేతుల మీదుగా, విద్యార్థుల పరిశోధన గ్రంథాలుగా సాగుతాయి. ఎంపిక చేసిన రైతుల సగటు దిగుబడి, సగటు ఆదాయం, సగటు నీటి మట్టం, ప్రయోజన వ్యయ నిష్పత్తి వాటిలో ఉంటాయి. నమూనాలోకి వచ్చేది రైతు గనుక, భూమి లేనివాడు నమూనాకు బయటే ఉండిపోతాడు. ఊరు విడిచిపోయిన కాపరి సర్వే రోజున ఇంట ఉండడు. సగటు పెరిగిందన్న నిర్ధారణ నిజమే అయినా, ఎవరిని లెక్కపెట్టి సగటు తీశామన్నది చెప్పకపోతే అది సగం నిజమే. 2021లో మొదలైన దశకు తుది మదింపులు జరిపేటప్పుడు ప్రశ్నావళికి కొన్ని ప్రశ్నలు చేర్చడం పెద్ద కష్టమేమీ కాదు. పథకానికి ముందు ఊరిలో బోర్లు ఎన్ని, ఇప్పుడు ఎన్ని, వాటి లోతు ఎంత? పథకం పరిధిలో రబీ వరి ఎన్ని ఎకరాలు, అది ఎన్ని కుటుంబాలది? మందలు ఎన్ని ఉండేవి, ఎన్ని మిగిలాయి, అమ్ముకున్నవారు ఇప్పుడు ఏమి చేస్తున్నారు? కౌలు ఎంత ఉండేది, ఎంతయింది? దిగువ ఊరి చెరువు గత పదేళ్ళలో ఎన్నిసార్లు అలుగు పారింది?